నగరం మీట ఎవరి చేతిలో?



ఈ ప్రసంగం నగరాల కరెంటు గురించి, నగరాల పాలన గురించి. అయినా కుళాయి నీళ్లతో మొదలుపెడతాను. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో అక్కడే బాగా కనిపిస్తుంది.

నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. అంటే సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తు. హైదరాబాదు నగరం సుమారు 540 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద కూర్చుని ఉంది. పుట్టంగండి దగ్గర సాగర్ నీటిని అక్కంపల్లి జలాశయంలోకి ఎత్తిపోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేస్తారు. అక్కడి నుంచి మజిలీ మజిలీకీ పంపులు పెట్టి, పెద్ద పెద్ద గొట్టాల్లో నగరం దాకా తోస్తారు. దారి వంద కిలోమీటర్లకు పైమాటే. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఇంకా ఎక్కువ దూరం నడిచి వస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క. వెయ్యి లీటర్ల నీటిని 360 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే, పంపు ఏమాత్రం నష్టం లేకుండా పనిచేసినా, ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. ఇది హైస్కూలు భౌతికశాస్త్రం. నిజమైన పంపులకు నష్టాలుంటాయి, గొట్టాల్లో రాపిడి ఉంటుంది. అవన్నీ కలుపుకుంటే ఖర్చు ఒకటిన్నర యూనిట్ దగ్గరకు చేరుతుంది. హైదరాబాదులో 2021 జనవరిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. కృష్ణా నీళ్లు అందే ఇంటికి ఆ 20 వేల లీటర్లతో పాటు ఇరవై ముప్ఫై యూనిట్ల కరెంటు కూడా వచ్చి చేరుతోందన్నమాట. అది మన ఇంటి మీటరులో పడదు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి బిల్లులో పడుతుంది. ఎవరో ఒకరు కట్టాలి, లేదా బాకీ పెట్టాలి.

ఇదే నగరానికి ఒకప్పుడు నీళ్లు పంపులు లేకుండా వచ్చాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ నీళ్లు పల్లానికి తమంతట తామే పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. ఆ నీటిని తేవడానికి ఒక్క యూనిట్ కరెంటు అక్కర్లేదు.

అందువల్ల గండిపేట చెరువు ఎగువన ఇళ్లు కట్టనివ్వాలా వద్దా అనేది నా దృష్టిలో పర్యావరణం ప్రశ్న ఒక్కటే కాదు, అది కరెంటు ప్రశ్న కూడా. 1996లో వచ్చిన 111 జీవో ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వచ్చింది. పెట్టినదీ ప్రభుత్వమే, తీసినదీ ప్రభుత్వమే. ఆ చెరువుల నీళ్లు తాగిన నగరానికి, ఆ నగరం ఎన్నుకున్న కౌన్సిలుకు ఈ విషయంలో నిర్ణయాధికారం లేదు. పల్లానికి పారే నీటిని పోగొట్టుకుంటే, దాని స్థానంలో వందల మీటర్లు ఎక్కించాల్సిన నీటిని తెచ్చుకోవాలి. ఆ ఖర్చు ఏటేటా, శాశ్వతంగా, నగరం నెత్తినే పడుతుంది.

నగరాలు శక్తి విషయంలో స్వయంసమృద్ధి సాధించాలి అనగానే చాలామంది కళ్లకు డాబాల మీద సౌర ఫలకాలు కనిపిస్తాయి. అవి కావాలి. కాని తన నీళ్లమీద, తన చెత్తమీద, తన డబ్బుమీద నిర్ణయం తీసుకునే హక్కు లేని నగరం ఎన్ని ఫలకాలు పరిచినా స్వతంత్రం కాలేదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

విశాఖపట్నానికి వద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. స్తంభాలు, తీగలు, టవర్లు కూలిపోయాయి. చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోవడంతో మోటార్లు తిరగలేదు, ట్యాంకులకు నీళ్లు ఎక్కలేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల్లో ఉన్న వృద్ధులు లిఫ్టులు ఆగిపోయి ఇళ్లలోనే ఉండిపోయారు. విద్యుత్ సిబ్బంది పక్క జిల్లాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ వచ్చి రాత్రింబవళ్లు పనిచేశారు, ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కాని ఒక మహానగరం బతుకంతా దూరంనుంచి వచ్చే కొన్ని తీగల మీద వేలాడుతోందని ఆ వారంలో అందరికీ తెలిసింది.

ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు మనం మరచిపోయే మాట ఒకటి ఉంది. హుద్‌హుద్ వచ్చేనాటికి విశాఖకు మేయరు లేరు. 2007లో ఎన్నికైన కౌన్సిలు గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నిక 2021 మార్చిలో గానీ జరగలేదు. తొమ్మిదేళ్లు! ఇంత పెద్ద విపత్తు వచ్చిన సమయంలో వార్డుకు ఒక ప్రతినిధి లేడు. ఏ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పడిపోయిందో, ఏ ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగి ఉన్నాడో చెప్పడానికి, అడగడానికి జనం ఓటేసి పంపిన మనిషి లేడు. అధికారులు ఉన్నారు, వారు కష్టపడ్డారు. కాని వారు జనానికి జవాబుదారీ కాదు, పైవారికి జవాబుదారీ. అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం స్పష్టంగా చెబుతోంది. ఆ ఎన్నికలను వాయిదా వేయడం మన రాష్ట్రాల్లో అలవాటైపోయింది. ప్రత్యేకాధికారుల పాలన అనే మాట మనకు ఎంత మామూలైపోయిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

ఆ తుపాను తర్వాత విశాఖలో కొన్ని మంచి పనులు జరిగాయి. దాదాపు 90 వేల వీధిదీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. కార్పొరేషన్ ముందుగా పెట్టుబడి పెట్టనక్కర్లేకుండా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఖర్చు భరించింది, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బులోంచి ఆ బాకీ తీర్చే ఏర్పాటు. ప్రపంచ బ్యాంకు రుణంతో తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. ముడసర్లోవ జలాశయం నీటిమీద 2018లో రెండు మెగావాట్ల తేలే సౌర కేంద్రం ఏర్పాటైంది. నీటిమీద ఫలకాలు పరిస్తే రెండు లాభాలు. స్థలం కొనక్కర్లేదు, కింద నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది. విశాఖ లాంటి కొండలూ సముద్రమూ మధ్య ఇరుక్కున్న ఊరికి ఇది తగిన ఉపాయం.

అయినా తుపాను నాటి ప్రశ్నకు ఇవి పూర్తి జవాబు కావు. ఇక్కడ చాలామందికి తెలియని సాంకేతిక విషయం ఒకటి చెప్పాలి. మన డాబాల మీద పెట్టే సౌర ఫలకాల్లో ఎక్కువ భాగం గ్రిడ్‌కు కట్టినవి. గ్రిడ్‌లో కరెంటు పోతే అవీ ఆగిపోతాయి, నడినెత్తిన సూర్యుడు మండుతున్నా సరే. తీగల మీద పనిచేసే లైన్‌మెన్ ప్రాణాలకు ముప్పు రాకుండా ఇన్వర్టర్లను అలా తయారుచేస్తారు, అది సరైన పనే. గ్రిడ్ పోయినా వెలగాలంటే బ్యాటరీ ఉండాలి, దానికి తగిన ఇన్వర్టర్ ఉండాలి. ప్రతి ఇంటికీ బ్యాటరీ పెట్టే స్తోమత మనకు ఇప్పుడు లేదు. అందుకని నగరం ఎంచుకోవాలి: ఈ ఆసుపత్రి, ఈ నీటి పంపింగ్ స్టేషన్, తుపాను ఆశ్రయంగా వాడే ఈ బడి, ఈ అగ్నిమాపక కేంద్రం. బయటినుంచి ఒక్క యూనిట్ రాకపోయినా ఇవి మూడు రోజులు పనిచేయాలి. నా మట్టుకు స్వయంసమృద్ధికి మొదటి పరీక్ష ఇదే. ఊరంతటికీ ఏడాది పొడవునా సరిపోయే కరెంటు ఊళ్లోనే పుట్టాలని నేను అనను. అది జరిగేది కాదు. ఒక కిలోవాట్ సౌర ఫలకాలకు దాదాపు వంద చదరపు అడుగుల డాబా కావాలి, అది మన ఎండల్లో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఇరవై కుటుంబాలకు కలిపి ఉన్నది ఒక్క డాబా. ఏసీలు నడిచే మే నెల రాత్రికి ఆ డాబా చాలదు.

మరి మిగతా కరెంటు ఎలా? ఇందోరు నగరం చేసిన పని చూడండి. ఆ ఊరికి నర్మద నీళ్లు జలూద్ దగ్గరి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు ఎత్తి తెచ్చుకోవాలి. హైదరాబాదు కష్టమే వారిదీ. కార్పొరేషన్ ఖర్చులో ఆ పంపుల కరెంటు పెద్ద గుదిబండ. 2023 ఫిబ్రవరిలో ఇందోరు కార్పొరేషన్ హరిత బాండ్లు జారీచేసి 244 కోట్ల రూపాయలు సేకరించింది. ఆ డబ్బు దేనికంటే, జలూద్ ప్రాంతంలోనే 60 మెగావాట్ల సౌర కేంద్రం కట్టి పంపులను ఆ కరెంటుతో నడపడానికి. సంస్థలతో పాటు మామూలు జనం కూడా ఆ బాండ్లు కొనే వీలు కల్పించారు. అడిగినదానికి కొన్ని రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఒక మెగావాట్ ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే 60 మెగావాట్లకు తొమ్మిది కోట్ల యూనిట్లు.

ఇందులో నాకు నచ్చినది సౌర కేంద్రం కంటే ఎక్కువగా ఆ నగరం తన పేరు మీద అప్పు తెచ్చుకోగలగడం. ఎవరూ ఊరికే అప్పివ్వరు. ఆస్తిపన్ను సక్రమంగా వసూలు కావాలి, జమాఖర్చులు ఆడిట్ కావాలి, రేటింగ్ సంస్థలు ఆ పుస్తకాలు చూసి నమ్మాలి. పాలన సరిగ్గా ఉన్న చోటే ఇది సాధ్యం. మన హైదరాబాదు కార్పొరేషన్ కూడా 2018లో బాండ్లు జారీచేసి 200 కోట్లు తెచ్చింది, ఆ డబ్బు రోడ్ల పథకానికి వెళ్లింది. తప్పని అనను. కాని వంతెన కడితే అది తిరిగి డబ్బు తేదు. పంపుల కరెంటు బిల్లు తగ్గించే సౌర కేంద్రం కడితే ఆ మిగులే అప్పు తీరుస్తుంది.

ఇంకో మాట. పంపుల ఖర్చు తగ్గించడానికి కొత్త కేంద్రం కట్టడం కంటే చౌకైన మార్గం ఉంది, అది లీకులు ఆపడం. సాగర్ నుంచి ఎక్కించి తెచ్చిన వెయ్యి లీటర్లు పాత పైపు పగులులోంచి భూమిలో ఇంకిపోతే, ఒకటిన్నర యూనిట్ కరెంటు కూడా దానితో పాటు ఇంకిపోయినట్టే. కన్నం కుండలో నీళ్లు పోస్తూ బావి లోతు పెంచుకోవడం వల్ల ఏం ఉపయోగం? కాని లీకు పూడ్చిన పనికి శంకుస్థాపనా ఉండదు, శిలాఫలకమూ ఉండదు. అందుకే అది చివరి వరసలో ఉండిపోతుంది.

ఇక పాలన సంగతి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో రాసింది. అందులో మంచినీళ్లు ఉన్నాయి, వీధిదీపాలు ఉన్నాయి. కరెంటు పంపిణీ లేదు. జాబితాలో ఉన్న మంచినీళ్లు కూడా హైదరాబాదులో జలమండలి చేతిలో ఉన్నాయి, దానికి అధ్యక్షులు ముఖ్యమంత్రి. కరెంటు రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పెట్టిన వార్డు సచివాలయాల్లో కరెంటు పనులు చూసే ఉద్యోగి ఉంటారు, మంచి ఆలోచనే, కాని ఆయన పని డిస్కం పని. వార్డులో ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడుతోందో, ఏ ప్రభుత్వ భవనం డాబా ఖాళీగా ఉందో వార్డు జనం ముందు పెట్టి చర్చించే ఏర్పాటు లేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని ఆ సవరణే చెప్పింది. మీ కమిటీ ఎప్పుడైనా సమావేశమైందా, ఒకసారి గుర్తుచేసుకోండి.

కార్పొరేషన్లు కరెంటు వ్యవహారం చూడలేవు అని వాదించేవారికి మన దేశంలోనే జవాబు ఉంది. కేరళలోని త్రిచూరులో నేటికీ కార్పొరేషన్‌కు సొంత విద్యుత్ విభాగం ఉంది. 1936లో, కొచ్చిన్ సంస్థాన కాలంలో, ఊరి కరెంటు పంపిణీని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తున్నారని ఆ పట్టణ జనం పెద్ద ఉద్యమం చేశారు. తర్వాతి కాలంలో పంపిణీ పురపాలక సంఘం చేతికి వచ్చింది. రాష్ట్ర బోర్డు దగ్గర కరెంటు కొని, పాత పట్టణ ప్రాంతంలో ఇంటింటికీ తానే పంచుతోంది. బొంబాయిలో బెస్ట్ సంస్థను నగరపాలిక 1947లో తీసుకుంది, దీవి నగరానికి కరెంటూ బస్సులూ అదే చూస్తోంది. జర్మనీలో హాంబర్గ్ ప్రజలు 2013 సెప్టెంబరు 22న ఓటు వేసి, అమ్మేసుకున్న కరెంటు తీగలను నగరమే తిరిగి కొనాలని తీర్పు ఇచ్చారు. స్వల్ప మెజారిటీయే, అయినా నగరం ఆ మాట నిలబెట్టింది.

డిస్కంలను రేపే ముక్కలు చేసి కార్పొరేషన్లకు పంచమని నేను కోరడం లేదు. కోరకపోవడానికి గట్టి కారణం ఉంది. నగరంలోని దుకాణాలు, ఆఫీసులు ఎక్కువ రేటు కడుతున్నాయి కాబట్టే పల్లెలో రైతు మోటారుకూ పేద ఇంటికీ తక్కువకు కరెంటు అందుతోంది. స్తోమత ఉన్నవారంతా సొంత ఫలకాలు పెట్టుకుని గ్రిడ్ నుంచి తప్పుకుంటే, ఆ తీగల భారం మిగిలిన పేదల మీద పడుతుంది. అదీ కాక, ఈ నగరాల వెలుగు ఎక్కడి నుంచి వచ్చింది? రామగుండం, కొత్తగూడెం బూడిద మధ్య బతికే ఊళ్ల నుంచి. శ్రీశైలం నీటిలో మునిగిపోయిన పల్లెల నుంచి. ఆ రుణం ఉన్న నగరం, నా కరెంటు నేను చూసుకుంటాను, మీ దారి మీది అనడం న్యాయం కాదు. తన భారం తగ్గించుకోవడం నగరం చేయాల్సిన పని, బంధం తెంచుకోవడం కాదు. కార్పొరేషన్‌కు ఇవ్వవలసింది డిస్కం ప్రణాళికలో కూర్చునే చోటు, లెక్కలు చూసే హక్కు, తన పంపులకూ దీపాలకూ తానే కరెంటు పుట్టించుకుని గ్రిడ్ ద్వారా తెచ్చుకునే సులభమైన అనుమతి. వీటికి తోడు వేళకు ఎన్నికలు.

చెత్త గురించి క్లుప్తంగా. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు పది టన్నుల దాకా వచ్చే కుళ్లిన కూరలను గ్యాసుగా మార్చి, రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు ఉంది. సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలది. ఆ కరెంటు మార్కెట్టు దీపాలకూ నీళ్లకూ, గ్యాసు అక్కడి క్యాంటీనుకూ. సూరత్ నగరం 2003లోనే మురుగునీటి శుద్ధిలో పుట్టే గ్యాసుతో కరెంటు తీయడం మొదలుపెట్టింది. హైదరాబాదు శివార్లలోని జవహర్‌నగర్‌లో చెత్తను కాల్చి కరెంటు చేసే పెద్ద కేంద్రం కూడా ఉంది. అక్కడి చెత్తగుట్ట పక్కన బతికే కాలనీల వారు ఏళ్లుగా వాసనతో, పాడైన బోరు నీళ్లతో అల్లాడుతున్నారు. నగరం మొత్తం చెత్తను ఒక్క చోటికి మోసుకెళ్లి ఒక్క ఊరివాళ్ల నెత్తిన పోయడం స్వయంసమృద్ధి కాదు. నేనైతే బోయినపల్లి దారినే ఎంచుకుంటాను. తడి చెత్త పుట్టిన చోటే, ప్రతి రైతుబజారు వెనకా ఒక చిన్న ప్లాంటు. మన చెత్తలో తేమ ఎక్కువ, అది కాలడానికి మొరాయిస్తుంది, కుళ్లడానికి సిద్ధంగా ఉంటుంది.

ఇళ్లవారికి కూడా వీలుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. అపార్ట్‌మెంటు సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాలు, వీటికి నెల నెలా కట్టే బిల్లు ఎంతో మీ సంఘం కార్యదర్శికి తెలుసు. తదుపరి జనరల్ బాడీలో ఆ కాగితం బల్ల మీద పెట్టమని అడగండి.

అలాగే మీ కార్పొరేటరును, లేదా మీ మున్సిపల్ కౌన్సిలరును కలవండి. మన ఊరి నీటి పంపుల కరెంటు బిల్లు ఏడాదికి ఎంత, అందులో ఎంత బాకీ ఉంది, వచ్చే బడ్జెట్టులో దాన్ని తగ్గించడానికి ఎంత కేటాయిస్తున్నారు అని అడగండి. జవాబు తెలియదంటే కనుక్కుని చెప్పమనండి. సమాచార హక్కు చట్టం కింద మీరే పది రూపాయల దరఖాస్తు పెట్టండి. వచ్చిన అంకెలను మీ వీధిలో నలుగురికీ చదివి వినిపించండి. మీ ఊళ్లో ఎన్నికల గడువు దాటిపోయి ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే, అన్నిటికన్నా ముందు ఎన్నికలు ఎప్పుడని అడగండి.